‘హ్యాపీ’ అను మాట: అదృష్టమా, ధన్యతయా?

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంత సంఘములలో ‘హ్యాపీ’ అను మాట ఎరుగనివారు నేడు అరుదు. పుట్టినరోజుకు హ్యాపీ, క్రిస్మస్‌కు హ్యాపీ. కూలికి పోయి వచ్చిన తల్లి సహితము “మా బాబుకు ఉద్యోగమొచ్చింది, హ్యాపీ అయ్యగారూ” అని కాపరితో చెప్పును. ఇందులో తప్పేమియు లేదు. అయితే కొండమీద ప్రసంగములోని ‘ధన్యులు’ అను మాటకు ‘అనగా హ్యాపీ’ అని ప్రసంగ వేదికపై అర్థము చెప్పినప్పుడు మనము కొంచెము ఆగి ఆలోచింపవలెను.

ఈ ఇంగ్లీషు విశేషణమునకు మూలము ‘హ్యాప్’ అను పాతమాట. అది ప్రాచీన నార్సు భాషనుండి వచ్చినది. అదృష్టము, అనుకోకుండ సంభవించునది అని దాని భావము. ‘హ్యాపెన్’, ‘పర్‌హ్యాప్స్’, ‘మిస్‌హ్యాప్’ అను మాటలు ఈ కుటుంబములోనివే. 14వ శతాబ్దములో ‘హ్యాపీ’ అనగా మొదట అదృష్టవంతుడని అర్థము. సంతోషించువాడను అర్థము తరువాత బలపడెను. నేటికిని ‘హ్యాపీ యాక్సిడెంట్’ అనగా అనుకోకుండ కలిసివచ్చిన మేలు. ‘హ్యాపీ టు హెల్ప్’ అనగా సహాయము చేయుటకు ఇష్టమే అని భావము.

బైబిలు మాటల దారి వేరు. కీర్తన 1:1లోను 146:5లోను ఉన్న హెబ్రీ పదము ‘అష్రే’. 1611 నాటి కింగ్ జేమ్స్ అనువాదకులు మొదటి చోట ‘బ్లెస్సెడ్’ అనియు, రెండవ చోట ‘హ్యాపీ’ అనియు వ్రాసిరి. మన తెలుగు బైబిలు రెండు చోట్లను ‘ధన్యుడు’ అనియే చెప్పుచున్నది. మత్తయి 5వ అధ్యాయములోని గ్రీకు పదము ‘మకారియోస్’. అదే పదమును పౌలు 1 తిమోతి 1:11లో దేవునికే వాడెను. అక్కడ తెలుగులో ‘శ్రీమంతుడు’ అని యున్నది. దేవుడు అదృష్టవంతుడని ఎవరును అనరు గదా! కాబట్టి ఈ పదమునకు కలిసివచ్చిన కాలముతో సంబంధము లేదు. దుఃఖపడువారిని యేసు ధన్యులనెను. వారు ఆ గడియలో ఆనందించుచున్నారని కాదు, దేవుడు వారి పక్షమున నున్నాడని ఆయన ప్రకటించెను.

‘అదృష్టము’ అను మన మాట మరింత బరువైనది. కంటికి కనబడనిది అని దాని అర్థము. భారతీయ దర్శనములలో అది పూర్వకర్మల కనబడని ఫలమును సూచించును.

ఇది కేవలము నిఘంటువు చర్చ కాదు. 1977 నవంబరు 19న వచ్చిన తుపాను, ఉప్పెన కృష్ణా డెల్టాను ముంచివేసెను; వేలాదిమంది మరణించిరి. బాపట్లలో ప్రార్థనాలయములో తలదాచుకొనినవారిపై ఆ కట్టడమే కూలి అనేకులు చనిపోయిరి. అట్టి రాత్రి బ్రదికి బయటపడిన సహోదరునితో “నీవు అదృష్టవంతుడవు” అని కాపరి అనినయెడల, అతని ప్రక్కనే చనిపోయిన భార్యను గూర్చి ఏమి చెప్పినట్టు? ఆమె కర్మ అంతేనని చెప్పినట్టే. సిలోయములో గోపురము పడి 18 మంది చచ్చినప్పుడు, వారు ఇతరులకంటె పాపులని తలంచవద్దని లూకా 13:4, 5లో ప్రభువు స్పష్టముగా చెప్పెను.

గనుక మా మనవి ఇది. శుభాకాంక్షలలో ‘హ్యాపీ’ ఉండనిండి. తల్లి సంతోషమును ఆ మాటతోనే పంచుకొనుడి. వాక్యము వివరించునప్పుడు మాత్రము ‘ధన్యుడు’ అను మాటను విడువకుడి. దానికి దేవుని యెదుట నిలిచిన స్థితియని అర్థము చెప్పుడి. శవము ప్రక్కన కూర్చున్నప్పుడు అదృష్టమను మాట నోట రానీయకుడి. అక్కడ ఏడ్చువారితో ఏడ్చుట చాలును.