అద్దె క్వార్టరు, అద్దె పాట

భిలాయ్: ఉక్కు కర్మాగారంలో ఉద్యోగ విరమణ చేసినవారికి సామాన్యంగా ఒక చిక్కు ఎదురవుతుంది. సంస్థ క్వార్టరు అప్పగించే వేళ ఏది వెంట తీసుకుపోవాలి, ఏది పాతసామాన్లవాడికి ఇచ్చివేయాలి? కాసెట్ల పెట్టె వంతు వచ్చేసరికి పిల్లల సలహా ఒకటే. "పాటలన్నీ ఫోనులోనే ఉన్నాయి కదా, ఈ బరువు దేనికి?"

ఫోనులో ఉన్నది పాట కాదు, పాట వినడానికి అనుమతి మాత్రమే. చందా ఆగితే అనుమతి ఆగుతుంది. చందా సక్రమంగా కట్టినా ఆగవచ్చు. 2023 మార్చిలో స్పాటిఫై, జీ మ్యూజిక్ సంస్థల మధ్య ఒప్పందం కుదరకపోవడంతో పలు హిందీ సినిమా పాటలు ఆ జాబితానుంచి అదృశ్యమయ్యాయి. రెస్సో 2024 జనవరిలో మన దేశంలో దుకాణం కట్టేసింది. వింక్ మ్యూజిక్‌ను మూసివేస్తున్నట్లు ఎయిర్‌టెల్ అదే ఏడాది ప్రకటించింది. శ్రోతలు ఏళ్ల తరబడి కూర్చుకున్న జాబితాలకు ఆధారం ఇంతే.

దీనికి భిన్నమైన అనుభవం ఒకటి ఉంది. ఫ్లిప్‌కార్ట్ సంస్థ 2012 ఫిబ్రవరిలో ఫ్లైట్ పేరిట పాటలను విడివిడిగా విక్రయించింది. గిరాకీ లేక 2013 జూన్‌లో దాన్ని మూసివేసింది. అయితే అప్పుడు కొని దించుకున్న పాటలకు తాళాలు లేవు. దాచుకున్నవారి వద్ద అవి నేటికీ మోగుతాయి. అంగడి మూతపడినా సరుకు కొన్నవాడిదే.

సోవియట్ సహకారంతో 1955లో ఒప్పందం కుదిరి, 1959లో తొలి కొలిమి వెలిగిన ఈ ఊరికి ఉత్తరాంధ్ర నుంచి పెద్ద సంఖ్యలో కార్మికులు తరలివచ్చారు. 1931లో పూర్తయిన విజయనగరం-రాయపూర్ రైలుమార్గమే వారికి రాకపోకల దారి. అటువంటి కుటుంబాల పెట్టెల్లో సినిమా పాటలొక్కటే ఉండవు. వీధి పందిట్లో జరిగిన హరికథ, పెళ్లిలో ముత్తయిదువలు పాడిన మంగళహారతి, ఇప్పుడు లేని నాయనమ్మ గొంతు కూడా ఉండవచ్చు. సమీపంలోని గనియారిలో పుట్టి, ఈ కర్మాగారంలోనే ఉద్యోగం చేసి, 2019లో పద్మవిభూషణ్ అందుకున్న తీజన్‌బాయి పాండవానీ కళను తలచుకోండి. ప్రదర్శన ప్రదర్శనకూ కథ చెప్పే తీరు మారుతుంది. ఒక రాత్రి ఎవరో టేపులో పట్టింది మరెక్కడా దొరకదు. దానిని ఏ కంపెనీ చందాకు ఇవ్వగలదు?

కాసెట్‌ను కంప్యూటర్లోకి ఎక్కించడం బ్రహ్మవిద్య కాదు. టేపురికార్డరు హెడ్డును స్పిరిట్‌తో తుడిచి, తీగతో కంప్యూటరుకు కలిపి, ఉచితంగా లభించే ఆడాసిటీ వంటి సాఫ్ట్‌వేరుతో రికార్డు చేయవచ్చు. గంట కాసెట్‌కు గంట పడుతుంది, తొందర కుదరదు. బూజు పట్టిన టేపును మాత్రం నేరుగా యంత్రంలో పెట్టరాదు. మంచి నాణ్యతగల ఎమ్‌పీ3లో అయిదు నిమిషాల పాటకు సుమారు 12 ఎంబీ చాలు. అంటే వేయి పాటలు 12 జీబీలో ఇమిడిపోతాయి. గోటి వెడల్పు కార్డులో ఇనుప ట్రంకు ఒదిగినట్లే. కార్డు పాడైతే అన్నీ ఒకేసారి పోతాయి గనుక మరో ప్రతి వేరేచోట ఉంచుకోవడం తప్పనిసరి.

ఖర్చు లెక్క కూడా చూడాలి. నెలకు వంద రూపాయల చందా అనుకుంటే పదేళ్లకు 12 వేలు. చివరకు చేతిలో మిగిలేది శూన్యం. కొత్త పాటలు రోజూ వినేవారికి చందాయే చవక, అందులో సందేహం లేదు. విన్న రెండు మూడు వందల పాటలనే మళ్లీ మళ్లీ వినేవారికి మాత్రం అది దండగ.

చట్టం మాట. మన దేశంలో ధ్వనిముద్రణపై హక్కు ప్రచురణ తరువాత 60 ఏళ్లు ఉంటుంది. సాహిత్యం, బాణీలపై హక్కులు వేరు, వాటి గడువు రచయిత మరణానంతరం 60 ఏళ్లు. సొంత వినికిడికి ప్రతి తీసుకోవడం వేరు, దానిని పదిమందికి పంచడం లేదా అమ్మడం వేరు.

క్వార్టరు తాళాలు అప్పగించేలోగా ఆ పెట్టెను ఒకసారి తెరిచి, పేరు రాయని కాసెట్లను ముందుగా వినడం మేలు. అట్ట మీద సినిమా పేరున్నది ఎక్కడైనా దొరకవచ్చు.