ఫ్రాంకు నారిస్ – గోధుమల కథ

అమెరికా నవలాకారుడగు ఫ్రాంకు నారిస్ పేరు మన విద్యార్థులలో పలువురు విని యుండరు. అతడు జీవించినది ముప్పదిరెండేండ్లు మాత్రమే. అయినను అతని ముఖ్యమగు నవల నాడు కరవుతో నలుగుచుండిన మన దేశమునకు ధాన్యము గొనివచ్చు ఓడతో ముగియుచున్నది. కావున ఆతని గూర్చి కొంచెము వ్రాయ దలచితిమి.

నారిస్ 1870 సం. మార్చి 5వ తేదీన చికాగో నగరమున ఒక నగల వర్తకునికి జన్మించెను. పిమ్మట కుటుంబము సాన్ ఫ్రాన్సిస్కోకు తరలెను. చిత్రలేఖనము నేర్చుటకై పారిసునకు బోయెను గాని ఆ విద్యలో నిలువలేదు. కాలిఫోర్నియా, హార్వర్డు విశ్వవిద్యాలయములలో చదివెను గాని పట్టము నొందలేదు. ఫ్రెంచి రచయితయగు జోలా గ్రంథములే అతనికి గురువులైనవి.

జోలా అనుసరించిన పద్ధతికి ప్రకృతివాదమని పేరు. పుట్టుక, పరిసరములు, ఆకలి, ధనాశ అను శక్తులు మనుష్యుని నడపుచుండుననియు, శాస్త్రజ్ఞుడు జంతువును పరిశీలించునట్లు రచయిత ఆ నడకను పరిశీలింపవలయుననియు ఆ వాదుల మతము. 1899లో వెలువడిన ‘మెక్‌టీగ్’ అట్టిదే. అందు పట్టము లేని దంతవైద్యుని భార్యకు లాటరీలో 5,000 డాలర్లు వచ్చును. ఆ ధనమే కాపురమును చెఱచి తుదకు హత్యకు దారితీయును. బలమైన కథయే, కాని పిన్నలకు తగినది కాదు.

1901లో వచ్చిన ‘ఆక్టోపస్’ అంతకంటె విశాలమైనది. ఆక్టోపస్ అనగా ఎనిమిది చేతులుగల సముద్రజంతువు. ఇచ్చట రైలు కంపెనీయే ఆ జంతువు. 1880 సం. మే 11వ తేదీన కాలిఫోర్నియాలోని మసెల్ స్లూ అనుచోట భూముల వెల విషయమై రైతులకును రైలు పక్షమువారికిని కాల్పులు జరిగి ఏడుగురు మరణించిరి. నారిస్ దానిని ఆధారము చేసికొనెను. కథలో డైక్ అనువాడు రైలు ఉద్యోగము పోయిన పిదప అప్పుచేసి హాప్స్ పంట వేయును. పంట చేతికి వచ్చువేళకు కంపెనీ పౌనునకు రెండు సెంట్లుగా నున్న కిరాయిని ఐదు సెంట్లు చేయును. ఆ ఒక్క దెబ్బతో వాడు దొంగయగును. బీదరాలగు హూవెన్ భార్య నగరవీధిలో ఆకలిచే మరణించుచుండగా, అదే సమయమున రైలు అధికారి ఇంట విందు జరుగుచుండును. ఈ ఘట్టమును మేము మరువలేకున్నాము.

తుదకు రైతులు చెడిపోవుదురు. గోధుమ మాత్రము హిందూదేశపు క్షుద్బాధితులకై ఓడనెక్కును. కంపెనీ ఏజంటగు బెర్మన్ ఆ ఓడ గర్భములో పడి, పైనుండి కురియు గోధుమక్రింద ఊపిరాడక చచ్చును. వేలమంది బ్రదుకుదురు గనుక అంతయు మేలునకే యని కథలోని కవి తృప్తిపడును. మన దేశమున 1899–1900 సంవత్సరముల ఘోరక్షామము నిజముగ జరిగినది. ఆ గింజలు తిను పక్షమువారమైనను, డైక్ సంసారమునకు అది సమాధానమని మేము ఒప్పుకొనజాలము. మఱియు అన్యజాతుల వారిని చులకనగా చిత్రించుట ఈ రచయితయందు తరచుగ గానవచ్చు లోపము.

గోధుమను గూర్చి మూడు నవలలు వ్రాయ నారిస్ సంకల్పించెను. చికాగో ధాన్యపు బేరములను గూర్చిన ‘పిట్’ 1903లో, అతని మరణానంతరము, అచ్చయ్యెను. మూడవది కరవు వాతపడిన ఐరోపా గ్రామములో తినువారిని గూర్చినది. దాని పేరు ‘వుల్ఫ్’. దానిని వ్రాయకమునుపే, 1902 సం. అక్టోబరు 25వ తేదీన, కడుపులోని ఉండుకము పగిలి అతడు సాన్ ఫ్రాన్సిస్కోలో మరణించెను.