జీవశాస్త్రంలో డిగ్రీ: చేరకముందే వేసుకోవలసిన పథకం

ప్లస్ టూ అన్నా, పి.యు.సి. అన్నా, ఇంటర్ అన్నా, సైన్సు గ్రూపు పిల్లలున్న ఇళ్ళల్లో జూన్ నెల ఒకేలా గడుస్తుంది. నీట్ ఫలితం వస్తుంది. 2025లో ఆ పరీక్ష రాసినవారు 22 లక్షలకు పైగా ఉన్నారు. ఒక్కొక్క ఎం.బి.బి.ఎస్. సీటుకు పదిహేను మందికి పైగానే పోటీ పడ్డారన్నమాట. సీటు రానివారిలో చాలామంది "ఇంట్లో ఖాళీగా ఉండటమెందుకు" అని దగ్గరలోని కళాశాలలో బి.ఎస్సీ.లో చేరుతారు. ఏ విషయాలు తీసుకోవాలన్నది ఆ తొందరలో అయిదు నిమిషాల్లో తేలిపోతుంది. దాని ఫలితం మాత్రం మూడేళ్ళ తరువాత గానీ తెలియదు.

కొంతకాలం క్రితం ఉపకార వేతనాల ఇంటర్వ్యూకు ఒక అమ్మాయి తండ్రితో కలిసి వచ్చింది. జువాలజీలో మంచి మార్కులున్నాయి. ఎం.ఎస్సీ. బయోకెమిస్ట్రీ చదవాలని ఆశ. కానీ డిగ్రీలో ఆమె జువాలజీకి తోడుగా తీసుకున్న రెండవ విషయం సైకాలజీ. కెమిస్ట్రీ ఒక్క సెమిస్టరు కూడా చదవలేదు. దరఖాస్తు చేసిన మూడు చోట్లా అర్హత లేదన్నారు. "కెమిస్ట్రీ కష్టమని చుట్టుపక్కల వాళ్ళు చెబితే మేమే వద్దన్నామండీ" అన్నాడు తండ్రి. కళాశాలలో మీకు సలహా చెప్పే అధ్యాపకులు ఎవరూ లేరా అని అడిగాను. "ఉన్నారు సార్. సెలవు చీటీ మీద సంతకానికి, బోనఫైడ్ సర్టిఫికెట్‌కి వెళ్ళేదాన్ని. ఇది అడగాలని తెలియలేదు" అంది ఆ అమ్మాయి. ఇప్పుడు ఆమె ఎం.ఎస్సీ. జువాలజీ చదువుతోంది, బాగానే చదువుతోంది. అయినా తాను కోరుకున్న దారి మూసుకుపోయిందన్న బాధ ఆమెకు ఉంది. అలాంటి బాధ మరొకరికి కలగకూడదనే ఈ వ్యాసం.

సలహాదారు ఎవరు?

చాలా కళాశాలల్లో ప్రతి విద్యార్థికీ ఒక అధ్యాపకుణ్ణి కేటాయిస్తారు. కొన్నిచోట్ల మెంటర్ అంటారు, తమిళనాడులో ఎక్కువగా ట్యూటర్ అంటారు. కళాశాలల నాణ్యతను పరిశీలించే న్యాక్ సంస్థ కూడా ఈ ఏర్పాటు గురించి అడుగుతుంది గనుక కాగితం మీదైనా అది ఉంటుంది. దాన్ని ఉపయోగించుకోవడం మన చేతిలో పని. చేరిన మొదటి నెలలోనే మీ మెంటర్ ఎవరో కనుక్కోండి. ఖాళీ పీరియడ్ ఎప్పుడో అడిగి, ఆ వేళకు వెళ్ళండి. సెమిస్టరుకు రెండుసార్లు, అంటే మొదట్లో ఒకసారి, పరీక్షల ఫలితాల తరువాత ఒకసారి కలిస్తే చాలు.

ఉత్తచేతులతో వెళ్ళవద్దు. మార్కుల పత్రం, విశ్వవిద్యాలయం సిలబస్, మీరు రాసుకున్న ప్రశ్నలు తీసుకువెళ్ళండి. "నేనేం చదవాలి సార్?" అని అడిగితే ఎవరూ సూటిగా చెప్పలేరు. "నాకు మైక్రోబయాలజీ ఎం.ఎస్సీ. చేయాలని ఉంది. ఈ రెండు విషయాల్లో ఏది తీసుకుంటే అర్హత పోదు?" అని అడిగితే సరైన జవాబు వస్తుంది.

మూడేళ్ళా, నాలుగేళ్ళా?

మన వాళ్ళు ఉన్న రాష్ట్రాల్లో పద్ధతి ఒకటిగా లేదు. బెంగళూరులోని బంధువు చెప్పిన మాట షోలాపూర్‌లో చెల్లకపోవచ్చు.

కర్ణాటకలో 2021-22లో నాలుగేళ్ళ ఆనర్సు పద్ధతి మొదలైంది. 2024-25 నుంచి చేరినవారికి తిరిగి మూడేళ్ళ డిగ్రీయే. తమిళనాడులో మూడేళ్ళ డిగ్రీ కొనసాగుతోంది. మహారాష్ట్రలో స్వయంప్రతిపత్తి గల కళాశాలలు 2023-24లోను, మిగిలినవి 2024-25లోను జాతీయ విద్యావిధానం ప్రకారం నాలుగేళ్ళ చట్రంలోకి వచ్చాయి. ఒడిశాలో 2024-25 నుంచి ఆ చట్రమే. యానాం విద్యార్థులు పాండిచ్చేరి విశ్వవిద్యాలయం నియమాలను చూడాలి.

నాలుగేళ్ళ చట్రంలో కూడా మూడేళ్ళు పూర్తి కాగానే 120 క్రెడిట్లతో డిగ్రీ తీసుకుని బయటకు రావచ్చు. నాలుగో ఏడు కూడా చదివితే 160 క్రెడిట్లతో ఆనర్సు. మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం మార్కులు వచ్చినవారు నాలుగో ఏడు పరిశోధనతో కూడిన ఆనర్సు చేయవచ్చు. మూడేళ్ళ డిగ్రీ తరువాత ఎం.ఎస్సీ. రెండేళ్ళు, నాలుగేళ్ళ డిగ్రీ తరువాత ఒక్క ఏడు. ఎలా లెక్కవేసినా మొత్తం అయిదేళ్ళే. అయితే మీరు వెళ్ళదలచిన విశ్వవిద్యాలయంలో ఆ ఒక్క ఏడాది ఎం.ఎస్సీ. ఉందో లేదో కనుక్కున్నాకే నాలుగో ఏడు సంగతి తేల్చుకోండి.

క్రెడిట్ అంటే ఎన్ని గంటలు?

యు.జి.సి. చట్రం ప్రకారం ఒక క్రెడిట్ అంటే సెమిస్టరుకు 15 గంటల పాఠం. అదే ప్రయోగశాల పని అయితే ఒక క్రెడిట్‌కు 30 గంటలు. నాలుగు క్రెడిట్ల జువాలజీ పేపరులో మూడు పాఠానికి, ఒకటి ప్రాక్టికల్‌కు అనుకుందాం. 45 గంటల పాఠం, 30 గంటల ప్రయోగశాల, మొత్తం 75 గంటలు. ఇలాంటివి సెమిస్టరుకు అయిదు ఉంటే 20 క్రెడిట్లు. ఆరు సెమిస్టర్లకు 120.

ఈ లెక్క ఎందుకు చెబుతున్నామంటే, సాయంత్రాలు దుకాణంలోనో, మగ్గం దగ్గరో ఇంటికి సాయపడే పిల్లలు మనలో చాలామంది ఉన్నారు. ప్రాక్టికల్ తరగతులు ఎక్కువగా మధ్యాహ్నం పూట రెండు మూడు గంటలు వరుసగా ఉంటాయి. పాఠం తప్పితే స్నేహితుల నోట్సు ఉంటుంది, ప్రాక్టికల్ తప్పితే ఏమీ ఉండదు. కాబట్టి చేరేటప్పుడే టైంటేబిల్ చూసి, ఇంటి పనుల వేళలను దానికి తగ్గట్టు మార్చుకోవాలి.

చివరి నుంచి మొదటికి రండి

ఒక తెల్లకాగితం మీద ఆరు గళ్ళు గీయండి, ఒక్కొక్క గడి ఒక్కొక్క సెమిస్టరు. ఏడవ గడిలో మీరు చేరదలచిన చోటు రాయండి. అక్కడి అర్హతలు చూసి వెనక్కి రండి. ముఖ్యమైన దారులు ఇవి:

1. ఎం.ఎస్సీ. బోటనీ, జువాలజీ: సాధారణంగా ఆ విషయం డిగ్రీలో ప్రధానంగా చదివి ఉండాలి.

2. బయోకెమిస్ట్రీ, మైక్రోబయాలజీ, బయోటెక్నాలజీ: చాలాచోట్ల డిగ్రీలో కెమిస్ట్రీ అడుగుతారు. ఐ.ఐ.టి.ల్లో ప్రవేశానికి రాసే జామ్ పరీక్షలో బయోటెక్నాలజీ పేపరులో ప్లస్ టూ స్థాయి లెక్కలు, భౌతికశాస్త్రం కూడా ఉంటాయి. కాబట్టి ఆ పాత పుస్తకాలు అమ్మేయవద్దు. కేంద్రీయ విశ్వవిద్యాలయాలకు సి.యు.ఇ.టి. పి.జి., కేంద్ర బయోటెక్నాలజీ విభాగం సాయంతో నడిచే కోర్సులకు గ్యాట్-బి ఉన్నాయి.

3. ఉపాధ్యాయ వృత్తి: బి.ఎడ్.కు సాధారణంగా డిగ్రీలో 50 శాతం మార్కులు కావాలి. రిజర్వేషన్ వర్గాలకు సడలింపు ఉంటుంది. ఇక్కడ మన వాళ్ళు తరచూ మరిచిపోయేది రాష్ట్ర భాష. తమిళనాడులో 2021 డిసెంబరు ఉత్తర్వులతో రాష్ట్ర ప్రభుత్వ నియామక పరీక్షల్లో తమిళం పేపరు తప్పనిసరి అయింది. ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లీషు మాత్రమే చదివిన పిల్లలు డిగ్రీ రోజుల్లోనే రాష్ట్ర భాష చదవడం, రాయడం నేర్చుకోవాలి. తెలుగు వదలమని కాదు. తమిళనాడులో కొన్ని కళాశాలల్లో పార్ట్ ఒన్ భాషగా తెలుగు తీసుకునే వీలుంది. అలా తీసుకునేవారు తమిళం విడిగా నేర్చుకోవాలని మాత్రం గుర్తుంచుకోండి.

4. ఆసుపత్రి ప్రయోగశాల ఉద్యోగం: బి.ఎస్సీ. జువాలజీ చదివితే రక్తపరీక్షల ల్యాబులో ఉద్యోగం వస్తుందని కొందరు తల్లిదండ్రులు అనుకుంటారు. ఆ పనికి మెడికల్ ల్యాబ్ టెక్నాలజీ డిప్లొమా గానీ, డిగ్రీ గానీ వేరే ఉన్నాయి. త్వరగా ఉద్యోగం కావాలంటే మొదటే ఆ కోర్సు చూడటం మంచిది.

5. పరిశోధన: ఎం.ఎస్సీ. తరువాత సి.ఎస్.ఐ.ఆర్.-యు.జి.సి. నెట్ లైఫ్ సైన్సెస్ రాసి జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ సాధించినవారికి 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు. మంచి సంస్థలు మన ఊళ్ళకు దగ్గరలోనే ఉన్నాయి. బెంగళూరులో ఎన్.సి.బి.ఎస్., పుణేలో ఐసర్, భువనేశ్వర్ దగ్గర నైసర్ ఉన్నాయి. తెలుగువారు తరతరాలుగా ఉంటున్న బరంపురంలో 2016 నుంచి ఐసర్ నడుస్తోంది. ఐసర్లలో ప్లస్ టూ తరువాతే ఐ.ఏ.టి. పరీక్షతో చేరవచ్చునని తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ చెప్పండి.

కెమిస్ట్రీని చూసి భయపడే పిల్లలకు ఒక మాట. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు మద్రాసులో వైద్యం చదివారు. అమెరికా వెళ్ళాక 1925లో శరీరంలోని ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని ఫిస్కెతో కలిసి ప్రకటించారు. బయోకెమిస్ట్రీ విద్యార్థులు నేటికీ ఆ పేరుతోనే దాన్ని నేర్చుకుంటారు. జీవుల గురించి ఆయన తెలుసుకున్నదంతా రసాయనాల దారిలోనే. మనం ఆ తలుపు ముందే మూసుకోవడమెందుకు?

ఏడాది వారీగా చేయవలసినవి

మొదటి ఏడు: పునాది గట్టిపరచుకోండి. రికార్డు, బొమ్మలు ఏ వారానికి ఆ వారం పూర్తి చేయండి. జాతీయ విద్యావిధానం ఉన్నచోట్ల మైనర్ విషయాన్ని మెంటర్‌ను అడగకుండా ఎంచుకోవద్దు. క్రెడిట్లు జమ అయ్యే అకడమిక్ బ్యాంక్ ఖాతా తెరిచి, పేరు మార్కుల పత్రంలో ఉన్నట్టే ఉందో లేదో చూసుకోండి. మన ఇంటిపేర్లు ఒక్కొక్క కాగితంలో ఒక్కొక్క చోట ఉండి తరువాత ఇబ్బంది పెడతాయి.

రెండవ ఏడు: ఇష్టం ఏమిటో తేల్చుకునే సమయం. స్టాటిస్టిక్స్, కంప్యూటర్ నైపుణ్య కోర్సు దొరికితే తీసుకోండి, నేటి జీవశాస్త్రంలో లెక్క లేని పని తక్కువ. సైన్సు అకాడమీలు ఇచ్చే వేసవి పరిశోధన ఫెలోషిప్పుకు దరఖాస్తు చేయండి. దానికి అధ్యాపకుని సిఫారసు లేఖ కావాలి. మిమ్మల్ని ఎరిగిన మెంటర్ ఉంటేనే ఆ లేఖలో విషయం ఉంటుంది.

మూడవ ఏడు: మొదటి నెలలోనే ప్రవేశ పరీక్షల జాబితా, తేదీలు, ఫీజులు రాసుకోండి. చాలా పరీక్షల దరఖాస్తులు చివరి సెమిస్టరు పరీక్షలకు ముందే ముగుస్తాయి. మిగిలిపోయిన పేపర్లు ఏవైనా ఉంటే అయిదవ సెమిస్టరులోగా పూర్తి చేయండి.

మళ్ళీ నీట్ రాయాలనుకునేవారికి

నీట్‌కు ప్రయత్నాల పరిమితి లేదు, గరిష్ఠ వయఃపరిమితీ లేదు. అందుకే ఎక్కడో ఒకచోట గీత మనమే గీయాలి. డిగ్రీలో చేరి, తరగతులు మాని, ఇంట్లో నీట్ పుస్తకాలు చదివి, రెండూ పోగొట్టుకున్న పిల్లలను నా ముప్పై ఏళ్ళ బోధనలో చాలామందిని చూశాను. మళ్ళీ రాయాలంటే ఒక ఏడాది పూర్తిగా దానికే ఇవ్వండి. లేదా డిగ్రీకే మనసు ఇవ్వండి. ఏది చేసినా తల్లిదండ్రులు, పిల్లలు కూర్చుని మాట్లాడుకుని, ఎన్నిసార్లు అన్నది ముందే అనుకోవాలి. ఈ మాట కూడా మెంటర్‌కు దాచకుండా చెప్పండి. తెలిస్తేనే ఆయన గానీ ఆమె గానీ సాయపడగలరు.

తల్లిదండ్రులకు మనవి

ఫీజు ఒక్కటే ఖర్చు కాదు. రికార్డు పుస్తకాలు, ల్యాబ్ కోటు, క్షేత్ర పర్యటనలు, ప్రవేశ పరీక్షల ఫీజులు, వాటికి ప్రయాణాలు కూడా ఉంటాయి. వీటిని ఏడాది మొదట్లోనే లెక్కవేసుకోండి. ఆడపిల్లలను క్షేత్ర పర్యటనకు పంపడానికి కొందరు వెనుకాడుతున్నారు. చెరువు గట్టున, అడవి అంచున చూసేది ప్రయోగశాలలో కనబడదు, పైగా దానికి మార్కులున్నాయి. ఎవరు వెంట వెళుతున్నారు, ఎక్కడ బస అని అధ్యాపకులను అడిగి, ధైర్యంగా పంపండి.

మీకు సిలబస్ అర్థం కాకపోయినా ఫరవాలేదు. సెమిస్టరుకు ఒకసారి "మీ సార్‌ను కలిశావా? ఏమన్నారు?" అని అడగండి చాలు. ఆ ప్రశ్న ఇంట్లో వినబడుతుందని తెలిసిన పిల్ల తప్పక వెళుతుంది. ఆరు గళ్ళ కాగితాన్ని అలమారు తలుపు లోపలివైపు అంటించి, ప్రతి ఫలితం తరువాత దిద్దుకోండి. దిద్దుబాట్లు పడితే సిగ్గుపడవలసిన పని లేదు. మూడేళ్ళలో మనసు మారవచ్చు. మారినప్పుడు ఏ దారులు ఇంకా తెరిచి ఉన్నాయో ఆ కాగితం చూపిస్తుంది.

ఈ ఏడు కళాశాలల్లో అడుగుపెడుతున్న విద్యార్థినీ విద్యార్థులందరికీ శుభాశీస్సులు.