‘కోడ్ పనిచేస్తోంది కదన్నా!’

మా టీమ్‌లో చేరిన కొత్తవాళ్లు మొదటి నెలలోనే అడిగే ప్రశ్న ఒకటుంది. ‘‘కోడ్ పనిచేస్తోంది కదన్నా, మళ్లీ ఈ పేర్లు, బ్రాకెట్ల గొడవేంటి?’’ కాలేజీ ప్రాజెక్టుకైతే ఆ మాట నిజమే. వైవా అయిపోయాక దాన్ని ఎవరూ తెరవరు. కంపెనీ కోడ్ అలా కాదు. మీరు ఉద్యోగం మారినా అది అక్కడే ఉంటుంది. మీ ముఖం కూడా చూడనివాళ్లు దాన్ని చదివి, అర్థం చేసుకుని, మార్చాలి.

బ్రాకెట్ల సంగతే తీసుకోండి. 2014 ఫిబ్రవరిలో యాపిల్ ఉన్నట్టుండి ఐఫోన్లకు ఒక సెక్యూరిటీ అప్‌డేట్ పంపింది. కారణం ఒక్క లైను! ‘గోటూ ఫెయిల్’ అన్న లైను ఒకదాని కింద ఒకటి రెండుసార్లు పడింది. పైనున్న ‘ఇఫ్’కి కర్లీ బ్రాకెట్లు లేవు. అందుకే మొదటి లైను షరతు ప్రకారం నడిస్తే, రెండోది షరతుతో సంబంధం లేకుండా నడిచేసింది. దాంతో అవతలి వెబ్‌సైట్ అసలుదో నకిలీదో తేల్చే పరీక్ష పూర్తవకుండానే ‘ఓకే’ అయిపోయింది. చూడ్డానికి మాత్రం రెండు లైన్లూ బుద్ధిగా ‘ఇఫ్’ లోపలే ఉన్నట్టుంటాయి. బ్రాకెట్లు ఉండుంటే? ఆ లైను లోపల పడితే హాని లేదు, బయట పడితే ఇట్టే కంటికి కనిపించేది.

పేర్ల దగ్గర నేను ఇంకాస్త మొండి. ‘అమౌంట్’ విలువ 500 అని ఉందనుకోండి. అవి రూపాయలా, పైసలా? ‘అమౌంట్ ఇన్ పైసా’ అని పేరు పెడితే ఎవర్నీ అడగక్కర్లేదు. రాసినవాడు నోటీస్ పీరియడ్ ముగించుకుని వెళ్లిపోతే అసలు ఎవర్ని అడుగుతారు?

ఇక ట్యాబులా, స్పేసులా అన్న వాదన. దానికోసం టీ చల్లార్చుకోవడం దండగ. పైథాన్‌కు 2001 నుంచే ‘పెప్ 8’ స్టైల్ గైడ్ ఉంది, 4 స్పేసులు అంటుంది. గో భాషకైతే కోడ్‌ను సర్దిపెట్టే టూల్ కూడా తోడుగానే వస్తుంది. టూల్‌కి అప్పగించి ముందుకెళ్లండి.

అన్నిటికన్నా నన్ను భయపెట్టేది, వాడకం ఆగినా తీసేయని కోడ్. అమెరికాలో నైట్ క్యాపిటల్ అనే షేర్ల ట్రేడింగ్ కంపెనీ ఉండేది. ‘పవర్ పెగ్’ అనే పాత ఫీచర్ వాడకం 2003లోనే ఆపేసినా, దాని కోడ్‌ను సర్వర్లలో అలాగే ఉంచారు. 2012లో కొత్త ఫీచర్ కోసం ఆ పాత ఫీచర్ ఫ్లాగ్‌నే మళ్లీ వాడారు. కొత్త కోడ్ 8 సర్వర్లలో ఏడింటికే చేరింది. మిగిలిన దాంట్లో, ఆగస్టు 1న మార్కెట్ తెరవగానే, పవర్ పెగ్ నిద్రలేచింది. 45 నిమిషాల్లో 40 లక్షలకు పైగా ట్రేడ్లు, 44 కోట్ల డాలర్లకు పైగా నష్టం. సర్వర్లలో కోడ్ పెట్టాక రెండో మనిషి సరిచూడాలన్న నియమమే అక్కడ లేదని అమెరికా మార్కెట్ నియంత్రణ సంస్థ తర్వాత తేల్చింది. ‘పవర్ పెగ్ డిసేబుల్డ్’ అంటూ ఆ ఉదయం మార్కెట్ తెరవకముందే సిస్టమ్ 97 ఈమెయిళ్లు పంపింది. వాటిని ఎవరూ పట్టించుకోలేదు.

అందుకే రివ్యూలో వాడని ఫంక్షన్ కనబడితే నేను అప్రూవ్ చేయను. ‘‘ఉండనీ అన్నా, ఎప్పుడైనా పనికొస్తుంది’’ అంటారు. పాతదంతా గిట్‌లో ఎలాగూ ఉంటుంది. కావాల్సినప్పుడు అక్కణ్నుంచి తెచ్చుకోవచ్చు, ఇక్కడ మాత్రం డిలీట్ కొట్టమంటాను.