ఉల్లేఖనాల లెక్క: లౌరీ పత్రం నేర్పే పాఠం

ఒక శాస్త్రవేత్త కృషిని అంచనా వేయడానికి ఇప్పుడు ఎక్కువగా రెండు అంకెలు చూస్తున్నారు. ఎన్ని పరిశోధన పత్రాలు ప్రచురించారు అన్నది మొదటిది. ఆ పత్రాలను ఇతరులు తమ పత్రాల్లో ఎన్నిసార్లు పేర్కొన్నారు అన్నది రెండోది. ఇలా పేర్కొనడాన్నే ఉల్లేఖనం లేదా సైటేషన్ అంటాం. 1955లో యూజీన్ గార్‌ఫీల్డ్ ప్రతిపాదించిన ఉల్లేఖన సూచికతో ఈ లెక్కలకు ఒక పద్ధతి ఏర్పడింది. ఈ అంకెలు ఏం చెబుతాయో, ఏం చెప్పలేవో తెలుసుకోవడానికి అమెరికా జీవరసాయన శాస్త్రవేత్త ఓలివర్ లౌరీ (1910–1996) మంచి ఉదాహరణ.

మీలో ప్రయోగశాలలో ప్రోటీన్ పరిమాణాన్ని కొలిచినవారికి లౌరీ పద్ధతి తెలిసే ఉంటుంది. క్షార ద్రావణంలో రాగి అయాన్లు ప్రోటీన్‌లోని పెప్టైడ్ బంధాలతో కలుస్తాయి. ఆ తరవాత ఫోలిన్ కారకం కలిపితే నీలి రంగు వస్తుంది. ప్రోటీన్ ఎక్కువైతే రంగు చిక్కబడుతుంది. లౌరీ, మరో ముగ్గురు సహచరులు ఈ పద్ధతిని 1951లో జర్నల్ ఆఫ్ బయొలాజికల్ కెమిస్ట్రీలో ప్రచురించారు. నిజానికి ప్రచురణకు ముందే ఇతర ప్రయోగశాలలు దీన్ని వాడుకుంటున్నాయి. ఉల్లేఖించడానికి ఒక పత్రం కావాలని ఎర్ల్ సదర్లాండ్ అడగడంతో లౌరీ దాన్ని రాశారు. 2014లో నేచర్ పత్రిక అత్యధికంగా ఉల్లేఖించబడిన 100 పత్రాల జాబితా వేసినప్పుడు ఇదే మొదటి స్థానంలో నిలిచింది. అప్పటికి దీనికి 3 లక్షలకు పైగా ఉల్లేఖనాలున్నాయి. అది గొప్ప పత్రమేమీ కాదని లౌరీయే ఒప్పుకున్నారు. మెదడులోని అతి సూక్ష్మ నమూనాల్లో ఎంజైములను కొలిచే పనులు కూడా ఆయన చేశారు.

మరి ఇన్ని ఉల్లేఖనాలు ఎందుకు వచ్చాయి? ప్రోటీన్‌ను కొలిచిన ప్రతివారూ ఏ పద్ధతిలో కొలిచారో చెప్పాలి కాబట్టి. ఆ జాబితాలో రెండు, మూడు స్థానాలు కూడా ప్రోటీన్ పద్ధతులవే: లేమ్లీ (1970), బ్రాడ్‌ఫోర్డ్ (1976). డి.ఎన్.ఎ. నిర్మాణాన్ని వివరించిన వాట్సన్, క్రిక్‌ల 1953 పత్రానికి మాత్రం మొదటి 100లో చోటు లేదు. జంట మెలికల నిర్మాణం గురించి రాసేటప్పుడు ఇప్పుడు చాలామంది ఆ పత్రాన్ని పేర్కొనరు, అది పాఠ్యపుస్తకంలో కలిసిపోయింది. అంటే ఉల్లేఖన సంఖ్య ఒక పత్రం ఎంతగా ఉపయోగపడిందో చెబుతుంది. ఎంత గొప్పదో చెప్పదు.

2005లో హోర్హే హిర్ష్ హెచ్-సూచికను ప్రతిపాదించారు. ఒకరి పత్రాల్లో కనీసం 10 పత్రాలకు, ఒక్కొక్కదానికి 10కి తగ్గకుండా ఉల్లేఖనాలుండి, 11 పత్రాలకు 11 చొప్పున లేకపోతే, ఆయన హెచ్-సూచిక 10. పరిమాణాన్నీ ప్రభావాన్నీ ఒకే అంకెలో పెట్టడం దీని సౌకర్యం. కానీ ఈ లెక్కలో లౌరీ 1951 పత్రం విలువ కూడా ఒక్క పత్రమే! నేను ఒక ఎంపిక సంఘంలో సభ్యుడిగా ఉన్నప్పుడు అభ్యర్థి పత్రం ఒక్కటీ తెరవకుండా, దరఖాస్తులోని ఈ అంకె చూసే నిర్ణయించాం. నేనూ అభ్యంతరం చెప్పలేదు. ఆ అభ్యర్థి ఎంచుకున్న రంగం చిన్నది, ఉల్లేఖించేవారే తక్కువ. ఈ సంగతి నాకు ఇంటికి వచ్చాక తోచింది.

మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు విషయం చూడండి. సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ప్రచురించిన భాస్వరం కొలిచే పద్ధతితో ఆయన పేరు ఇప్పటికీ ఉల్లేఖనాల్లో కనిపిస్తుంది. ఆ తరవాత లెడర్లీ సంస్థలో ఆయన బృందం తయారు చేసిన అమినోప్టెరిన్‌ను సిడ్నీ ఫార్బర్ పిల్లల ల్యుకేమియాకు వాడారు. ఆ ఫలితాలను తెలిపిన 1948 నాటి పత్రం రచయితల్లో సుబ్బారావు లేరు. ఆ పత్రానికి వచ్చే ఉల్లేఖనాలేవీ ఆయన ఖాతాలో పడవు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

ఒక శాస్త్రవేత్త 7 పత్రాలకు వరుసగా 60, 22, 11, 6, 5, 5, 1 ఉల్లేఖనాలు వచ్చాయి. హెచ్-సూచిక ఎంత? మొదటి పత్రానికి 60 బదులు 6,000 వస్తే అది మారుతుందా? ఎందుకు?