ఎప్పుడో పనికొస్తుందని...



మన ఇళ్లలో ఒక మంత్రం ఉంది. "ఉండనీ, ఎప్పుడో పనికొస్తుంది." ఖాళీ హార్లిక్స్ సీసా దగ్గర్నుంచి కాలు విరిగిన కుర్చీ దాకా అన్నీ ఈ మంత్రంతోనే అటకెక్కుతాయి. ఎక్కించడం తెలిసినంతగా దించడం మనకు తెలియదు.

నా సంగతే చెప్తాను. 2020 అక్టోబరులో మేం దిల్‌సుఖ్‌నగర్ దగ్గర, సరూర్‌నగర్ చెరువుకు దిగువన, కింది వాటాలో అద్దెకుండేవాళ్లం. ఆ నెల 13వ తేదీ రాత్రి వాన మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. మా ఇంట్లోకి మోకాలి లోతు నీళ్లొచ్చాయి. మంచం కింద ట్రంకుపెట్టెలో ఏడు దుప్పట్లు, రెండు రగ్గులు దాచాను, చుట్టాలొస్తే ఉంటాయని. పన్నెండేళ్లలో ఒక్కసారీ తీసింది లేదు. నీళ్లు పోయాక తెరిస్తే బురద, భరించలేని వాసన. ఆ వారమే చుట్టుపక్కల ఎంతోమంది పొడి గుడ్డ లేక అవస్థ పడ్డారు. దాచినందుకు నాకూ దక్కలేదు, ఇంకొకరికీ దక్కలేదు.

దాంతో బుద్ధి వచ్చిందనుకుంటున్నారా? లేదు. మరుసటి ఏడు నాదర్‌గుల్‌లో చిన్న ఇల్లు కట్టుకున్నాం. తడవకుండా మిగిలిన సామానంతా మూటగట్టి తెచ్చి కొత్త ఇంటి సజ్జల మీద పేర్చేశాను.

నాకు కళ్లు తెరిపించింది మా ఇంట్లో పనిచేసే ఆవిడ. వెలిసిన చీరలు, జిప్పు పోయిన పిల్లల బట్టలు మూటగట్టి ప్రతి పండక్కీ ఇచ్చేదాన్ని. ఇచ్చానన్న తృప్తి కూడా పడేదాన్ని. ఒకరోజు మా వీధి మలుపులో చెత్తకుప్ప మీద నా నీలం చీర కనిపించింది! అడిగితే, "ఏం జెయ్యాలమ్మా, వద్దంటె మీకు కోపమొస్తదని తీస్కపోయిన" అంది. నాకు తల కొట్టేసినట్లయింది. నా చెత్త మోసే పని కూడా ఆవిడకే పెట్టానన్నమాట, దానం పేరుతో.

ఆ మర్నాడే సజ్జల మీది సామానంతా వసారాలో పరిచాను. "అక్కా, ఇందులో నీకు కావలసిందేదైనా ఉంటే చెప్పు, లేకపోతే లేదని చెప్పు" అన్నాను. బట్టల వైపు చూడనైనా లేదు. మూలనున్న చిన్న బల్ల చూపించి, "మా పిల్ల రాస్కుంటది" అంది. తొమ్మిదేళ్లుగా దాని మీద మేం పెట్టింది దుమ్ము ఒక్కటే.

అప్పట్నుంచి వస్తువు చేతిలోకి తీసుకుని, ఇది ఎప్పుడు పనికొస్తుందని కాకుండా, ఇవాళ ఎవరికి కావాలని ఆలోచిస్తున్నాను. మడత మంచం, స్టూలు దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో ఉండి కోచింగ్‌కు పోయే పిల్లలకు చేరాయి. అబ్బాయి ఇంటర్ పుస్తకాలు కోఠీలో పాత పుస్తకాల దుకాణంవాళ్లు తీసుకున్నారు. వారపత్రికల్లోంచి కత్తిరించి బైండు చేయించుకున్న సీరియళ్లు మీ దగ్గరా ఉండే ఉంటాయి. వాటిని తూకానికి వేయకండమ్మా! బాగ్‌లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞాన కేంద్రం గ్రంథాలయం పాత తెలుగు పుస్తకాలనూ పత్రికలనూ భద్రపరుస్తుంది. 2000 ఆగస్టు వరదలో అక్కడా నీళ్లు చేరి ఎన్నో పుస్తకాలు తడిసిపోయాయి. మీ దగ్గరున్నవి వాళ్లకు కావాలేమో ముందుగా కనుక్కుని తీసుకెళ్లండి.

మెత్తబడ్డ నూలు చీరలకు బొంత కుట్టించడం మన అమ్మమ్మల నాటి పద్ధతే. గూంజ్ అనే సంస్థ 1999లో ఢిల్లీలో మొదలైంది. వాళ్లు ఇలాంటి నూలు గుడ్డల్ని శుభ్రం చేసి పల్లెటూరి స్త్రీలకు నెలసరి ప్యాడ్లు తయారుచేస్తారు. ఉతికి ఆరేసిన బట్టలే ఇవ్వాలి సుమండీ. ఇక పట్టుచీరలు. వీధిలో కొనేవాడు చీర కోసం రాడు, జరీలో వెండి కోసం వస్తాడు. తొందరపడి మొదటి బేరానికే ఇచ్చెయ్యకండి.

గడువు దాటిన మందులు ఎవరికీ ఇవ్వకూడదు. పాడైన ఫోన్లు, బ్యాటరీలు చెత్తబుట్టలో కలపకుండా విడిగా తీసుకునేవాళ్లకే అప్పగించాలి. భోగి మంటలో పాత సామాను వేయడం ఆచారమే కానీ, ప్లాస్టిక్, రబ్బరు వేస్తే ఆ విషపు పొగ పీల్చేది మన పిల్లలే. మావారి పాత ట్రాన్సిస్టరు మాత్రం ఉంచేశాను. రేడియోలో మాట్లాడుతూ రేడియో పారేయమని ఎలా చెప్పను?

ఇంకొక్క మాట. ఇంట్లో ఎవరి వస్తువు వాళ్లనడక్కుండా కదపకండి. మా అత్తగారి ఇత్తడి గుండిగ పాతిక మందికి వండేది. ఇప్పుడు ఇంట్లో నలుగురం. పాత సామాన్లవాడు కిలోల లెక్కన ధర చెప్పాడు. అత్తగారితో అంటే రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడోనాడు ఆవిడే, "గుళ్లో ఇవ్వవే. కానీ కళాయి వేయించి ఇవ్వు, చింతపండు తగిలితే చిలుమెక్కుతుంది" అన్నారు.

కళాయి వేసేవాణ్ణి వెతకడానికే వారం పట్టింది. శ్రీరామనవమికి అందులోనే పులిహోర కలిపారు. అత్తగారు గుడికొచ్చి, ముందు గుండిగలోకి తొంగి కళాయి చూసుకుని, తర్వాత రాముడికి దణ్ణం పెట్టుకున్నారు.