క్యాట్‌కి లెక్కలకంటే ముందు ఇంగ్లీషు చదువు

మన బడిలో చదివి డిగ్రీకి వెళ్లిన పిల్లలు, ఐఐఎంలో ఎంబీఏ చేయాలని క్యాట్‌కి కూర్చుంటే ముందు లెక్కల పుస్తకం తీస్తారు. లెక్కలకు అంత కంగారు అక్కర్లేదు. శాతాలు, నిష్పత్తి, కాలం-దూరం వంటివి మీరు తెలుగులో నేర్చుకున్నవే. ఇంగ్లీషు పేర్లు తెలుసుకుని వేగం పెంచుకోవాలి, అంతే.

ఇంగ్లీషు చదివి అర్థం చేసుకోవడం మాత్రం నాలుగు నెలల్లో రాదు. పరీక్షలో మూడు భాగాలు, ఒక్కోదానికి 40 నిమిషాలు. ఒకదాంట్లో మిగిలిన టైం ఇంకోదానికి వాడుకోనివ్వరు. పైగా ఐఐఎంలు ఏ భాగానికి ఆ భాగం కటాఫ్ చూస్తాయి. లెక్కల్లో ఎంత బాగా చేసినా ఇంగ్లీషు లోటు పూడదు.

అందుకే డిగ్రీ రెండో ఏడు నుంచే రోజూ ఇంగ్లీషు పేపర్లో ఒక సంపాదకీయం చదవండి. రాసినాయన ఏమంటున్నాడో రెండు వాక్యాల్లో తెలుగులో రాయండి (నవ్వకండి, అర్థమైందీ లేనిదీ అక్కడే బయటపడుతుంది). ఆగస్టు నుంచి వారానికో మాక్ టెస్ట్ చాలు. తప్పులు ఎందుకొచ్చాయో చూడ్డానికి ఇంకో పూట కేటాయించండి.

తల్లిదండ్రులకు ఒక మాట: ఈ చదువు ఆరు నెలలు నిలకడగా సాగాకే కోచింగ్ ఫీజు కట్టండి. డిగ్రీ ఆఖరి ఏడాదిలో ఉన్నవాళ్లూ రాయవచ్చు. పరీక్ష మామూలుగా నవంబరు చివర్లో ఉంటుంది.